ఒకటో కొలిమి ఎక్కడ?

"ఒకటో కొలిమి ఎక్కడ?"

వౌటర్ గొంతు పెంచలేదు. అందుకే నాకు భయమేసింది.

దక్షిణ వియత్నాంలో, లాంగ్ ఆన్‌లోని మా కార్ఖానాలో చేసే బోల్టులన్నీ యూరప్‌కే వెళ్తాయి. బొగ్గు కాల్చి చేసిన ఇనుప సరుకు దిగితే అక్కడ ఇప్పుడు కార్బన్ పన్ను బాదుతున్నారు. కొనేవాళ్ళు పంపిన తనిఖీ అధికారి ఈ వౌటర్. ఉత్తరాదిన హనోయ్‌లో మా భాష నేర్చుకున్న డచ్చివాడు. మేం బొగ్గు వాడుతున్నామని అతను తేల్చాడంటే ఆర్డరు పోతుంది, కార్ఖానా మూతపడుతుంది.

నిజానికి పన్ను మాట చెవిన పడగానే మా యజమాని క్వే బొగ్గు మాన్పించేసింది. వడ్ల ఊక నుంచి గ్యాసు తీసి, ఆ మంటతో ఇనుము కాల్పిస్తోంది. "ఊక ఊదుకుంటూ కూర్చో" అని పక్క కార్ఖానావాళ్ళు నవ్వారు. ఇప్పుడు వాళ్ళ సరుకు కొనే దిక్కులేదు. మిల్లులవాళ్ళు కాలువలో పారబోసే ఊకంతా మా దగ్గరికే వస్తోంది. కాలువలో మళ్ళీ చేపలు పడుతున్నాయి. అదీ మా క్వే, మా రెండక్క!

కొలిముల మేస్త్రీని నేను. నా నోటివల్లే చిక్కొచ్చింది. "రెండోది కాగింది, మూడోది ఇప్పుడే వెలిగించాం" అన్నాను.

"ఒకటోది?"

"అలాంటిది లేదండీ."

"ఒకటి లేకుండా రెండెలా వచ్చింది?"

"వచ్చింది కదండీ!"

"బొగ్గు కొలిమి దాచారు."

క్వే తాళాల గుత్తి అతని చేతిలో పెట్టింది. "నా మాట నమ్మకండి. వెతుక్కోండి."

గోదాములన్నీ తిరిగాడు. జుట్టునిండా ఊకతో తిరిగొచ్చాడు. "బాగానే దాచారు" అన్నాడు.

అప్పుడే క్వే తల్లి అన్నం క్యారియరుతో గేటు దాటింది. "రెండూ! మూడూ! పులుసు చల్లారిపోతోంది, రండే!"

క్వే కదిలింది. ఆఫీసు గదిలోంచి ఆమె చెల్లెలు పరుగెత్తుకొచ్చింది. వౌటర్ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

"అమ్మా, మీ పెద్దమ్మాయి రాలేదా?"

"ఎదురుగా నిలబడిందిగా నాయనా! కళ్ళజోడు మర్చిపోయావా?"

"మరి రెండు అంటున్నారు?"

"తొలిబిడ్డ అని తెలిస్తే దయ్యాల కన్ను పడుతుంది. మా దక్షిణాదిన పిల్లల లెక్క రెండు నుంచే మొదలు. హనోయ్‌లో నీకిది చెప్పలేదూ?"

అతను కొలిములవైపు తిరిగాడు. "వీటికి కూడానా?"

"అవీ మా పిల్లలే కదండీ" అన్నాను.

వౌటర్ పగలబడి నవ్వాడు. క్వే అతని ముందు గిన్నె పెట్టి పులుసు పోసింది.

"ఈ ఆర్డరు నిలిస్తే ఇంకో ఊక కొలిమి పెడతాను" అంది.

"పెట్టండి. నిలుస్తుంది" అన్నాడతను, చేప ముల్లు తీస్తూ. "కానీ నాలుగోదాన్ని చూడ్డానికి ఎవరొచ్చినా, ముందు మీ అమ్మగారి దగ్గరికి పంపండి."