వంగని వేలు

మగపువ్వు రెక్కలు ఐదూ ఒలిచి పారేసి, నడుమ మిగిలిన పసుపు ముద్దను ఆడపువ్వు కడుపులో మెల్లగా రుద్దింది ఇమాంబీ. పసిపిల్ల కంటికి కాటుక పెట్టినంత జాగ్రత్తగా, మూడుసార్లు. ఆడపువ్వు కింద బొటనవేలంత బూడిదగుమ్మడి పిందె, ఒళ్లంతా నూగుతో, తడిసిన పిల్లి కూనలా ఉంది. దాని తొడిమకు కాస్త పైన, తీగకు ఎర్రగుడ్డ పీలిక వదులుగా ముడివేసింది.

తరువాత కుడిచేయి చూపుడువేలు చాచి ఆ పిందెను చూపించింది. ఊరికే చూపించలేదు. వంటింటి కిటికీలో నుంచి శ్యామలమ్మ చూస్తున్నదో లేదో కనిపెట్టి మరీ చూపించింది.

కిటికీ రెక్క టప్పున మూసుకుంది.

పిందెకు వేలు చూపిస్తే కుళ్లి రాలుతుందన్నది అందరికీ తెలిసిన మాటే. తప్పనిసరై చూపించవలసి వస్తే వేలు కొక్కెంలా వంచి చూపిస్తారు. సికింద్రాబాద్ మారేడ్‌పల్లిలో పెరడున్న ప్రతి ఇంట్లోనూ గుమ్మడిపాదు దగ్గరికి వచ్చేసరికి పెద్దపెద్ద ఉద్యోగస్తుల వేళ్లు కూడా వంగేవి. ఇమాంబీ వేలు వంగదు. ఇరవై ఏళ్ల కిందట గడ్డి కోస్తుంటే కొడవలి జారి నడిమి కణుపు మీద పడింది. గాయం మానింది గాని వేలు మాత్రం అప్పటినుంచీ తుపాకీ గొట్టంలా నిలబడే ఉంది. అన్నం ముద్ద కలిపినా, నమాజుకు చేతులు కట్టినా అది ఒక్కటీ వేరుగా నిలిచి, ఎటో ఒకవైపు ఎవరినో చూపిస్తూనే ఉంటుంది. ఆ వేలు తన వైపు తిరిగితే పాలవాడు సైతం నీళ్లు కలిపిన సంగతి ఒప్పుకునేవాడట.

ఈ పెరట్లోకి ఆమె లాల్ మాలీ పెళ్లాంగా వచ్చి ముప్పై ఒక్క ఏళ్లయింది. అప్పట్లో బంగళా మేబెల్ దొరసానిది. దొరసాని పోయిన ఏడాది ఇల్లమ్మి ఓడెక్కి వెళ్లిపోయింది. కొన్నది రైల్వే ఆఫీసులో పెద్ద గుమాస్తా భద్రయ్య. ఇంటితోపాటు జామచెట్లు, గుమ్మడి పందిరి, బావి, పెరటి చివర పెంకుల గదిలో ఉండే ఇమాంబీ కూడా వచ్చాయి. లాల్ అప్పటికే పోయాడు. పిల్లలు లేరు.

లాల్ చేయి మంచిదే, నోరే కట్టలు లేని కాలువ. బొల్లారంలో ఒక దొర తోటలో సొరకాయ పెరిగి పెరిగి రైలు పట్టాలకు అడ్డం పడిందట. బండి ఆగిపోతే గార్డు దిగివచ్చి విజిల్ ఊదాడట. కాయ మర్యాదగా పక్కకు జరిగిందట. నమ్మినవాళ్లు నమ్మారు, నమ్మనివాళ్లు కూడా చాయ్ తాగి పోయారు. ఇమాంబీ ఒక్కతే అడిగింది.

“విజిల్ ఊదకపోతే జరగకపోవునా? రెండు కాయలు అడ్డం పెట్టి చూసినవా?”

అదీ ఆమె పద్ధతి. ఏ మాటనైనా రెండు సాళ్లు వేసి చూస్తుంది. అమాస నాడు విత్తిన బెండ వంకర పోతుందన్నారు. ఒక సాలు అమాస నాడు, ఒక సాలు మర్నాడు విత్తింది. రెండింట్లోనూ వంకరవి వంకరగా, తిన్ననివి తిన్నగా కాశాయి. కాయని నిమ్మకు మేకు కొట్టమన్నారు. రెండు చెట్లలో ఒకదానికే కొట్టింది. మేకు తుప్పు పట్టింది గాని నిమ్మ పూత పట్టలేదు. వేపపిండి వేస్తే చెదలు తగ్గుతాయన్నారు. ఆ మాట మాత్రం నిలిచింది, నిలిచిందని ఆమే నలుగురికీ చెప్పింది. పరీక్ష జరిగినంతకాలం లాల్ మూతి ముడుచుకుని తిరిగేవాడు. ఓడిపోయిన కథను మర్నాడే కాస్త పెద్దది చేసి మళ్లీ చెప్పేవాడు.

ఈ ఏడు వానలు విడవకుండా పట్టాయి. శ్రావణం నుంచీ ముసురే. పందిరినిండా పూలున్నా పిందెలు వారంలో పది రాలాయి. ఇమాంబీ పాలవాడికి పిందె చూపిస్తుండగా శ్యామలమ్మ కళ్లారా చూసింది. డెబ్భై ఏళ్ల మనిషి, భద్రయ్య తల్లి. వడియాలు పెట్టడంలో ఆమె చేతికి తిరుగులేదు, నమ్మకాలు పెట్టుకోవడంలోనూ లేదు.

“నీ వేలుకు నా వడియాలన్నీ పోయినయి కదనే,” అంది.

“నా వేలుకు కాదమ్మా. వానకు తేనెటీగ బయటికెల్తలేదు. మగపువ్వు పుప్పొడి ఆడపువ్వుకు అందకపోతే పిందె ఎట్ల నిలుస్తది?”

“అయితే పూలకు సుత లగ్గం చేస్తవా ఏంది?”

“చేస్త. నువ్వు అక్షింతలు తే.”

భద్రయ్యకు ఈ తగువు చేతికందిన ఊతకర్ర అయింది. అప్పటికే పటాలాలు సరిహద్దులకు వస్తున్నాయని, రజాకార్లని, రకరకాల వార్తలు. ఆఫీసులో పక్క కుర్చీలవాళ్లు, కాలం బాగోలేదు, ఆ తురక ముసలిదాన్ని పెరట్లో ఎందుకు పెట్టుకున్నావని చెవి కొరుకుతున్నారు. అటు నేరేడ్‌మెట్‌లో ఉన్న ఇమాంబీ చెల్లెలి కొడుకు కూడా, హిందువుల ఇంట్లో ఎందుకు, వచ్చెయ్యమని కబురు మీద కబురు. ఇరువైపులా ఒకటే పాట. ఇమాంబీ ఇద్దరికీ ఒకటే జవాబు చెప్పింది. “నా చేతుల మట్టి ఈడనే ఉన్నది.”

చివరికి ఒక శుక్రవారం షరతు పడింది. రెండు పొద్దుల్లో విచ్చిన పన్నెండు ఆడపూలు. ఆరింటికి ఇమాంబీ లగ్గం చేసి, ఎర్రపీలిక కట్టి, రోజూ వేలు చూపిస్తుంది. తక్కిన ఆరింటి దగ్గరికి ఆమె పోదు, వాటికి శ్యామలమ్మే కావలి. వచ్చే శుక్రవారం నాటికి ఎర్రపీలికలవి ఎక్కువ రాలితే ఇమాంబీ గది ఖాళీ చేయాలి. నిలిస్తే గది ఆమెది.

నడుమ సోమవారం యుద్ధం మొదలైంది. అయినా పొద్దున్నే పూలు విచ్చుకోవడం మానలేదు, ఇమాంబీ పందిరి కిందికి రావడమూ మానలేదు. శ్యామలమ్మ కావలి కూడా తప్పలేదు. విమానం చప్పుడైతే ఇంట్లోవాళ్లంతా బల్లల కిందికి దూరితే, ఆమె మాత్రం కిటికీ దగ్గర నిలబడి, పైలట్ ఎక్కడ వేలు చూపిస్తాడో అన్నట్టు తన ఆరు పిందెల కేసే చూసిందట.

గడువు శుక్రవారం వచ్చింది. ఇమాంబీ ఆ పొద్దు విచ్చిన పూలకు కూడా, పీలికలు కట్టకుండానే, పని ముగించి బావి గట్టున చేతులు కడుక్కుంది. గదిలోకి పోయి రాత్రి మిగిలిన జొన్నరొట్టె, ఉల్లిగడ్డ తిన్నది. జామచెట్ల కింద నిలిచిన నీటికి కాలువ తీసింది. నడుము పట్టేస్తే పార మీద వాలి నిలబడి, మళ్లీ తీసింది. ఉతికిన జాకెట్టు తొడుక్కుని నమాజు చేసుకుంది. మూట మాత్రం కట్టలేదు. ఓడిపోయినవాళ్లు కట్టుకోవలసినది ముందే కట్టుకోవడం ఆమెకు నచ్చదు.

సాయంత్రానికి భద్రయ్య వరండా నిండిపోయింది. ఆ వీధిలో రేడియో అతనిదొక్కటే. లొంగుబాటు అన్న మాట వినిపించగానే కొందరు చప్పట్లు కొట్టారు, కొందరు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అప్పుడే ఇమాంబీ మెట్లెక్కి వచ్చింది.

“భద్రయ్య సాబ్, గడువు అయింది. పిందెలు లెక్కవెట్టుండ్రి.”

భద్రయ్య గొంతు తగ్గించాడు. “ఇప్పుడా ఇమాంబీ? రేపు ఫౌజు వస్తదట. ఊర్ల ఏమైతదో ఏమో. నిన్ను ఎల్లగొడుతున్నమని కాదు, నీ మంచికే చెప్తున్న. నేరేడ్‌మెట్‌కు పో.”

“నా మంచి నాకు ఎర్కనే సాబ్. షరతు ఫౌజుతోని పెట్టుకోలే. పిందెలతోని పెట్టుకున్నం.”

రేడియో పక్కన కూర్చున్న ఒకాయన నవ్వాడు. “రాజ్యాలే పోతున్నయంటే గుమ్మడికాయల లొల్లి ఏందవ్వా?”

“రాజ్యం ఎవలదైతేంది బిడ్డా, వడియాలు పెట్టుకోకుండ ఉంటరా?”

ఆ మాటకు లోపలి నుంచి శ్యామలమ్మ వచ్చింది. కొంగు తల మీదికి లాక్కుని, ఎవరితోనూ మాట్లాడకుండా సన్నటి జల్లులో పందిరి కిందికి నడిచింది. వెనకాల ఇమాంబీ. ఆ వెనకాల, చేసేది లేక, భద్రయ్య.

ముందు తన కావలిలో ఉన్న ఆరు చూసింది శ్యామలమ్మ. మూడు అప్పటికే నేల మీద ఉన్నాయి. రెండు పసుపు తిరిగి మొన నుంచి ముడుచుకుపోయాయి. ఆరోది ముట్టుకోగానే ఆమె అరచేతిలో రాలింది. దాన్ని తిప్పి చూసింది.

“వీటికి ఎవ్వరు వేలు చూపలే గద.”

“నువ్వే కావలున్నవు గదమ్మా,” అంది ఇమాంబీ.

తరువాత ఎర్రపీలికలు. ఒకటి, రెండు, మూడు. పిడికెడు లావున, నూగుతో మెరుస్తూ, తీగను కిందికి లాగుతూ వేలాడుతున్నాయి. నాలుగు, ఐదు. ఆరో పీలిక కింద ఏమీ లేదు.

“ఒకటి పోయింది గద,” అన్నాడు భద్రయ్య ఆత్రంగా.

“పోయింది సాబ్. ఎందుకు పోయిందో నాకు ఎర్కలేదు. ఎర్కున్నట్టు చెప్తే నేను సుత లాల్‌నైత.”

భద్రయ్య ఇంకేదో అనబోయాడు. తల్లి అడ్డుకుంది. “ఊకో బిడ్డా. గది ఆమెదే. నీ ఆఫీసోళ్లు అడిగితే మా అమ్మ ఉంచిందని చెప్పు. అంతకు తక్లీఫ్ అయితే వాళ్లను నా దగ్గరికి రమ్మను.”

అతను తలవంచుకుని రేడియో దగ్గరికి పోయాడు. పందిరి కింద ఇద్దరు ముసలివాళ్లు మిగిలారు. శ్యామలమ్మ అటూ ఇటూ చూసింది. కుడిచేయి పైకెత్తింది. చూపుడువేలు అలవాటుగా వంగబోయింది. ఎడమచేత్తో దాన్ని పట్టుకుని తిన్నగా చాచి, అన్నిటికంటే పెద్ద పిందె వైపు చూపించింది. డెబ్భై ఏళ్లలో మొదటిసారి.

“ఏం కాదు గద?”

“చూద్దాం,” అంది ఇమాంబీ. “రేపొకసారి చూపియ్యి. ఎల్లుండి సుత.”

ఆ పిందె రాలలేదు.

మర్నాడు ఫౌజు వచ్చింది. కొన్ని ఇళ్లకు తాళాలు పడ్డాయి, కొన్నిటికి తాళాలు పగిలాయి. నేరేడ్‌మెట్ నుంచి చెల్లెలి కొడుకు ఒకసారి వచ్చి, గడప దగ్గరే నిలబడి, రానంటే రానని చెప్పించుకుని పోయాడు. పెంకుల గది తలుపు మాత్రం రోజూ తెల్లవారకముందే తెరుచుకునేది.

దీపావళి ఇంకా పది రోజులుందనగా ఒక పొద్దున తెరుచుకోలేదు. పందిరి మీద ఆడపూలు రెండు విచ్చాయి. శ్యామలమ్మ కిటికీలో నుంచి చూసి, కాసేపు ఆగి, పెరడు దాటి వెళ్లి తలుపు తోసింది. ఇమాంబీ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. దుప్పటి సరిగానే ఉంది, చెంప కింద ఎడమచేయి ఉంది. కుడిచేయి చాప మీద చాచి, వేలు గుమ్మం వైపు చూపిస్తున్నది.

మసీదు నుంచి మనుషులు వచ్చేలోగా ఎండెక్కుతుంది. పూలు ఆగవు. శ్యామలమ్మ దుప్పటి అంచు సవరించి, కొడుకును మసీదుకు పంపింది. పందిరి కిందికి వెళ్లి ఒక మగపువ్వు కోసి రెక్కలు ఒలిచింది. రెండు పూలకూ మూడేసిసార్లు రుద్దింది.

తాను మొదటిసారి వేలు చూపించిన కాయను ఆమె వడియాలకు వాడలేదు. ఒళ్లంతా బూడిద పట్టేదాకా తీగ మీదే ఉంచి, కార్తీకంలో, పీలికున్న తీగముక్కతో సహా కోయించి, పసుపు కుంకుమ పెట్టి వీధి గుమ్మానికి దిష్టికి కట్టించింది. తురకామె కట్టిన గుడ్డపీలిక దిష్టికాయకు ఉండవచ్చునా అని ఇరుగుపొరుగు అడిగితే, అది విప్పినవాళ్ల చేయి విరుగుతుందని చెప్పింది. ఈ మాటను మాత్రం ఎవరూ రెండు సాళ్లు వేసి చూడలేదు. ఎండకు వెలిసి గులాబీ రంగు తిరిగిన ఆ పీలిక, వచ్చేపోయేవాళ్లందరి తలల మీద, గుమ్మడికాయ తొడిమ దగ్గర ఊగుతూనే ఉండేది.