పిడుదు పుణ్యం

మే నెల మొదటి వారంలో నా భర్త ఆల్వర్‌కు గొర్రెల దొడ్డి దగ్గరే కుడిపక్క పడిపోయింది. మాట కూడా పోయింది. వయసు యాభై ఒకటి. మా ఆలాండ్ దీవుల ఆసుపత్రిలో చేర్చిన నాలుగు రోజులకే పక్క మంచం మీదికి మా పొరుగువాడు రూరిక్ వచ్చాడు. అతనిదీ పక్షవాతమే, ఎడమ చెయ్యి, కాలు కదలడం లేదు.

ఆ ఏడాది పక్షవాతంతో వచ్చిన ప్రతివాళ్ళకూ వెన్నులోంచి నీరు తీసి పరీక్షిస్తున్నారు.

"గడ్డిలో ఉండే పిడుదు పురుగు కుడితే వచ్చే లైమ్ జబ్బు ఒక్కోసారి మెదడు రక్తనాళాలకు పాకుతుంది. అప్పుడూ మనిషి ఇలాగే పడిపోతాడు. అదే అయితే మందుంది," అంది డాక్టరమ్మ.

"మా ఆయన ఒంటిమీంచి ఏటా ఇరవై పిడుదులైనా పీకుతాను. అదే అయ్యుంటుంది, రాసుకోండి."

"ఆ మాట పరీక్ష చెప్పాలి సిగ్నే, మనం కాదు."

మూడు రోజులు దేవుణ్ణి ఆ జబ్బే ఇమ్మని వేడుకున్నాను. "పిడుదే కావాలని కోరుకో," అని ఆల్వర్ చెవిలో చెబితే, ఎడమ చేత్తో నా వేలు నొక్కాడు.

రూరిక్ వెన్ను నీటిలో ఆ జబ్బు దొరికింది. ఆల్వర్ నీటిలో ఏమీ లేదు.

"మళ్ళీ తియ్యండి," అన్నాను.

"తీసినా అంతే. ఇది రక్తపోటు వల్ల వచ్చింది. ఏళ్ళ తరబడి బిళ్ళలు వేసుకోలేదని మీరేగా చెప్పారు."

చెప్పింది నేనే.

రూరిక్ బ్యాంకులో కూర్చుని పనిచేసే మనిషి. అడవి ముఖం చూసేది పుట్టగొడుగుల కాలంలోనే. "ఎప్పుడు కుట్టిందో కూడా తెలీదు చెల్లెమ్మా," అన్నాడు. మూడు వారాలు నరంలోకి మందు ఎక్కించారు. జూన్‌లో చేతికర్ర పట్టుకుని నడిచి వెళ్ళాడు. వెళ్తూ ఆల్వర్ దుప్పటి సర్ది, "నువ్వూ లేస్తావురా," అన్నాడు. ఆల్వర్ ముఖం గోడవైపు తిప్పుకున్నాడు.

జూలైలో ఆల్వర్‌ను ఇంటికి తెచ్చుకున్నాను. ఆగస్టులో రూరిక్ చేతికర్ర కూడా లేకుండా వచ్చి, ఎవరూ అడక్కుండానే మా గొర్రెలకు గడ్డి కోసిపెట్టాడు. కిటికీ దగ్గర కూర్చోబెట్టిన ఆల్వర్ అది చూసి ఏదో అనబోయాడు. చొంగ కారింది. తుడిచాను.

"పిడుదు పుణ్యమా అని బతికిపోయాను చెల్లెమ్మా. వీడికీ అదే అయ్యుంటే ఎంత బాగుండేది."

"కాఫీ చల్లారిపోతోంది, తాగు," అన్నాను.

మంచివాడే. వారానికోసారి వస్తాడు. వచ్చినప్పుడల్లా నా కడుపు మండుతుంది. అతనికి మళ్ళీ పక్షవాతం వస్తే బాగుండునని ఒకసారి అనుకున్నాను కూడా. ఆ మాట పాస్టరుగారికి చెప్పుకుందామని ఆదివారం చర్చికి వెళ్ళి, చెప్పకుండానే తిరిగొచ్చాను. బంగాళాదుంపలు మెత్తగా నలిపి ఆల్వర్‌కు తినిపించాను.