ఒక్కపొద్దు రొట్టెలు

చలికాలంలో మా అత్తమ్మ వెంకటశేషమ్మగారికి గడప తగిలి, కాలికి మెట్టె పెట్టుకునే వేలు చిట్లింది. వేసవి మొదలైనా పుండు మానలేదు. నెల్లూరు తీసుకుపోతే డాక్టరు మూత్రం పరీక్ష చేయించి, చక్కెర జబ్బు అన్నాడు. మందులు రాసి, రాత్రిపూట అన్నం మాని గోధుమ రొట్టె తినాలన్నాడు. లేకుంటే వేలు తీసేయాల్సి రావచ్చని కూడా చెప్పాడు. కట్టు కట్టడానికి మెట్టె తీయించాడు. అత్తమ్మ దాన్ని పుస్తెల తాటికి ముడి వేసుకుంది.

తిరిగొచ్చేటప్పుడు అల్లూరు బస్సులో ఆమె దారి పొడవునా పొలాలు చూస్తూ కూర్చుంది. దిగబోయే ముందు ఒక్క మాట అంది.

"ఇన్ని వడ్లు పండించుకుని, రొట్టెలు తినేదానికి మనమేమన్నా కరువులో ఉండామా?"

మా వీధిలో గోధుమలంటే బియ్యం చాలనప్పుడు చౌకడిపోలో అంటగట్టే గింజలు. చాలామంది కోళ్లకు చల్లేవాళ్లు. నేను మద్రాసు హాస్టల్లో చపాతీలు తిన్నాను గానీ ఎప్పుడూ చేయలేదు. మా ఇంట్లో రొట్టె అంటే బియ్యప్పిండి రొట్టె. మరిగే ఎసట్లో పిండి పోసి, తెడ్డుతో కలిపి, ఆపైన తడతాం. గోధుమపిండినీ అలాగే చేశాను. తెడ్డు గిన్నెలో నిలబడిపోయింది. లాగితే పిండి తీగలుగా సాగింది.

అత్తమ్మ తొంగి చూసింది. "సినిమా కాగితాలు అంటించేవాళ్లకి ఇయ్యి, సంతోషపడతారు. కాలేజీలో ఇది చెప్పలేదా అమ్మే?"

మర్నాడు వెనకింటి ఆమినాబీని పిలిచాను. దర్జీ సిలార్ భార్య ఆమె. నా గిన్నె చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"ఎసరు దేనికక్కా? చన్నీళ్లు చాలు. తడిపి, మూతేసి, ఇంకో పని చూసుకో. అదే మెత్తబడతది."

తన పీట, కర్ర తెచ్చుకుని మా వసారాలో ఒత్తి చూపించింది. ఆమెవి గుండ్రంగా వచ్చాయి. నావి సముద్రం కోసుకుపోయిన గట్టులా వచ్చాయి. చేసిన రొట్టెల్ని ఆమె తన పిల్లలకే పట్టుకుపోయింది. అత్తమ్మ పట్టుకుపొమ్మనలేదు, ఉంచమనీ అనలేదు.

వడ్రంగి చేత పీట, కర్ర చేయించాను. ఆ రాత్రి దొండకాయ కూరతో చపాతీలు పెట్టాను. అత్తమ్మ చిన్న చిన్న ముక్కలు తుంచుకుని మొత్తం తినేసింది. నా మనసు కుదుటపడింది. ఆమె మాత్రం కంచం ముందు నుంచి లేవలేదు.

"పలారం అయింది గదా. ఇంక అన్నం పెట్టు."

"అన్నానికి బదులే ఇది, అత్తమ్మా."

"పెరుగన్నం రెండు ముద్దలు పడకపోతే కడుపు నిండినట్టుండదమ్మే. నిద్ర పట్టదు."

రోజూ ఇదే వరస. అన్నం తగ్గకపోగా దాని మీద రొట్టెలు ఎక్కువయ్యాయి. పుండు చుట్టూ చర్మం నల్లబడసాగింది. కట్టు మార్చేటప్పుడు ఆమె ముఖం తిప్పుకునేది. ఒకరోజు గోడకేసి చూస్తూ, "మీ మామ ఉండగానే నా కాలికి మెట్టె లేకుండా పోతాదా?" అంది.

అంతలో శనివారం వచ్చింది. శనివారం ఆమెకు ఒక్కపొద్దు. పగలు ఒక్కసారే అన్నం, రాత్రికి పలారం. నేను కాపురానికి వచ్చినప్పటి నుంచీ ఆ నియమం తప్పడం చూడలేదు. ఆ రాత్రి చపాతీలు తిని, నీళ్లు తాగి, లేచి చెయ్యి కడుక్కుంది. అన్నం ఊసే లేదు. పెరుగు గిన్నె పట్టుకుని నేను అలాగే నిలబడిపోయాను.

పొద్దున కట్టు మారుస్తూ అడిగాను. "అత్తమ్మా, ఒక్కపొద్దు శనివారమే ఉండాలా? మళ్లీ మెట్టె పెట్టుకునేదాకా రోజూ ఉంటానని మొక్కుకుంటే?"

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "నన్ను బుట్టలో ఏస్తావుండావు."

"అవునత్తమ్మా."

"డాక్టరుకైతే అన్నం తిన్లేదని చెప్పొచ్చు. స్వామికి చెప్పేదానికి లేదు." తాటికున్న మెట్టెను వేళ్లతో తడుముకుంది. "సరే. అయితే ఆయన పేరు చెప్పి తినే రొట్టె ఇట్టా వంకర్లు పోతే నాకు కుదరదు. ఆ ఆమినాబీని పిలువు, నేనే నేర్చుకుంటా."

తీరా కర్ర చేతికిస్తే జంకింది. బొబ్బట్లు తట్టిన చెయ్యి, నొక్కడమే దానికి అలవాటు.

"నొక్కబాక పెద్దమ్మా, తోలాల. బండి తోలినట్టు," అంది ఆమినాబీ.

"బండి మా ఆయన తోలతాడు. నేనెప్పుడు తోలినానే?" అంటూనే మళ్లీ ఒత్తింది.

మొదటిది పీటకు అంటుకుంది. తర్వాతది చినిగింది. మోచేతుల దాకా పిండి. కొన్నాళ్లకు ఒకటి పెనం మీద బూరెలా పొంగితే అత్తమ్మ వెనక్కి జరిగింది.

"ఏందే ఇది, లేస్తా ఉండాది?"

"కుదిరిందని పెద్దమ్మా."

అప్పటినుంచి నా రొట్టెల్ని ఆమె జాలిగా చూసేది.

వానలు మొదలయ్యేసరికి పుండు మానింది. మందులు పనిచేశాయి, ఒక్కపొద్దులూ పనిచేశాయి. వేలు చిక్కిపోవడంతో మెట్టె వదులైంది. దానికి దారం చుట్టుకుని తొడుక్కుంది. మొక్కు తీరింది కదా అని ఆ రాత్రి నేను కాస్త పెరుగన్నం కలిపి కంచం పక్కన పెట్టాను. అత్తమ్మ రొట్టెలు తిన్నాక ఆ గిన్నె దగ్గరికి లాక్కుని, ఒక ముద్ద తీసుకుని నిదానంగా తిన్నది. గిన్నెను నావైపు జరిపింది.

"నువ్వు తినమ్మే. నాకు నిండింది," అంది. "రేపటికి పిండి లేదు, మర ఆడించుకుని రా. ముందు ఎవరన్నా మిరపకాయలు ఆడించినారేమో అడుగు. పోయినసారి పిండి ఘాటుగా ఉండింది."