గంగానమ్మ బెరడు

ఆ రోజు తెల్లారేసరికి తూర్పున మబ్బు ఇనుము రంగులో దిగబడి ఉంది. గాలి లేదు. గాలి లేని మబ్బును నమ్మకూడదు. కోసిన కాయ తడిస్తే మచ్చ పడుతుందని, ట్రాక్టర్ మీద పట్టా కట్టించి పెందలాడే నూజివీడు మార్కెట్‌కి బయల్దేరాను.

తమ్ముడు మనోజ్ అప్పటికే లేచి వరండాలో పళ్ళు తోముకుంటున్నాడు. వాడు హైదరాబాద్‌లో శిల్పి. పెద్ద ప్రదర్శనకి పిలుపొచ్చిందని, ఆ పని మీదే మా ఊరు చాట్రాయి వచ్చాడు. మా తోట నడుమ ఉన్న ముసలి చిన్నరసం మామిడి చెట్టే మాకు గంగానమ్మ. గుడి లేదు, విగ్రహం లేదు. కోతల మొదట్లో మా ఇంటి ఆడవాళ్ళు మాను చుట్టూ తిరుగుతూ పసుపు రాస్తారు. పాతది కడగరు, దాని మీదే రాస్తారు. మా నాయనమ్మ రాసింది కూడా అడుగున ఎక్కడో ఉంటుంది. ఆ పసుపు పట్టీకి ప్లాస్టర్‌తో అచ్చు తీసుకుంటానన్నాడు మనోజ్.

"చెట్టుకి గీత పడదు కదరా?"

"పడదన్నయ్యా," అని మాను మీద చెయ్యేసి చెప్పాడు.

నాన్న పోయేముందు ఆ చెట్టును నాకు అప్పగించి పోయాడు. తమ్ముడు మాటిచ్చాక ఇంకేమీ అడగలేదు.

మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి సాంబయ్య గేటు దగ్గరే కూర్చుని ఉన్నాడు. మా తోటలో పనిచేస్తాడు, నాకంటే పెద్దవాడు.

"ఏంటి సాంబయ్యా, పనెగ్గొట్టి కూర్చున్నావ్?"

"చిన్నబాబుగారు గంగానమ్మకి చీర విప్పేశారండి," అన్నాడు తల తిప్పుకుని. "లోపలికి రావాలంటే సిగ్గేసింది."

లోపలికి వెళ్ళి చూస్తే, నడుమెత్తున, మూరెడు వెడల్పున, మాను చుట్టూ బెరడు లేదు. ఉలి పెట్టిన అంచు సాపుగా ఉంది. లోపలి చెక్క తెల్లగా, తడిగా మెరుస్తోంది. చుట్టూ బెరడు పోయిన మామిడి నిలవదు. ఈ ఏడు పచ్చగానే ఉంటుంది. వచ్చే ఏడు, ఎండిపోయేముందు, విరగబూసినా పూయొచ్చు. అమ్మవారు చల్లగా చూసిందనుకుంటారు ఊళ్ళోవాళ్ళు.

మనోజ్ ఆ బెరడును పాత దుప్పట్లో చుడుతున్నాడు, పసిబిడ్డను చుట్టినట్టు.

"అచ్చు అన్నావు," అన్నాను.

"అచ్చులో ఆకారమే వస్తుందన్నయ్యా. పసుపు రాదు. నాకు అమ్మ చెయ్యి, నాయనమ్మ చెయ్యి కావాలి. నువ్వెవరివని అడిగితే చూపించడానికి నా దగ్గర ఇంకేముంది?"

"చెట్టుంది. వచ్చి చూడమనకపోయావా?"

"చాట్రాయి దాకా ఎవరొస్తారు?" అని దుప్పటి మడత సర్దుతూ, "బెరడు పక్క నుంచి మళ్ళీ వస్తుందిగా," అన్నాడు.

"ఎటువైపు వదిలావు రావడానికి?"

చెట్టు చుట్టూ చూశాడు. పసుపు ఉన్నంత మేరా ఒలిచాడు. పసుపేమో చుట్టూ ఉంది. వాడి చేతిలోంచి దుప్పటి కొస జారింది.

అప్పుడు కనిపించాయి చెట్టు మొదట్లో కొబ్బరి చిప్పలు, పక్కనే కర్పూరం మసి. మనోజ్ కొబ్బరికాయ కొట్టే మనిషి కాదు.

"ఇదెవరు కొట్టారు?"

వాడు ఇంటివైపు చూశాడు.

సాంబయ్యను పిలిచి, ఇద్దరం పేడా మట్టీ కలిపి పూసి గోనె చుట్టాం. ఆకలితో పడిపోయినవాడికి బొట్టు పెట్టినట్టుంది ఆ వైద్యం. చేతులు కడుక్కుని ఇంట్లోకి వెళ్ళాను. అమ్మ పొయ్యి దగ్గరుంది.

"నేనే కొట్టాను," అంది నేను అడక్కుండానే. "తల్లీ, మా చిన్నోడి వెంట వెళ్ళవే, నలుగురి కళ్ళా పడతావు, అని చెప్పుకున్నా."

"నాకు చెప్పొచ్చుగా."

"చెబితే ఒప్పుకుంటావేంటి?"

"ఒప్పుకోను."

"అందుకే చెప్పలా. నీకు చెట్టుంది, తోటుంది. వాడికేముందిరా?"

"ఆ చెట్టు చచ్చిపోతుందమ్మా."

గరిటె ఆగింది. "బెరడేగా అన్నాడు."

"చుట్టూ తీశాడు."

అమ్మ పొయ్యి ఆపింది. చాలాసేపు గిన్నె మీద మూత సర్దుతూనే ఉంది. నేను మార్కెట్‌కి వెళ్ళాక, వెనక ఇద్దరూ కలిసి చేసిన పని. తమ్ముడిని కొట్టొచ్చు. అమ్మని ఏమనాలి?

కంచాలు ముగ్గురికీ పెట్టింది. మేం తిన్నాక గానీ తినని మనిషి, ఆ పూట మాతోపాటే కూర్చుంది. మామిడికాయ పప్పులో ఉప్పు లేదు. మనోజ్ ఒకసారి తలెత్తి, మళ్ళీ కంచంలోకి దించుకున్నాడు. ఉప్పు జాడీ నా చేతికి అందేంత దూరంలోనే ఉంది. ఎవరం అడగలేదు. ముగ్గురం అలాగే తిన్నాం.