మూడు వందల పద్నాలుగు కిలోల పాప

శనివారం పొద్దున సంతకు వెళ్ళడం, ముందు మిరపకాయలు కొనడం, ఆ తరువాత వంతెన పక్కన వుకాషిన్ పెట్టిన బరువు కాటా ఎక్కి రావడం. స్తానికా ఇంట్లో ఇది ముప్ఫై ఏళ్ళ వరస. చర్చికి వెళ్ళడం మానిన వారాలున్నాయి గానీ కాటా ఎక్కడం మానిన వారం లేదు.

రైలు గోడౌన్ మూతపడ్డ ఏడాది వుకాషిన్ అక్కడి పాత ఇనప కాటాను ఇంటికి దొర్లించుకుపోయి, మర్నాటి నుంచి వంతెన దగ్గర పెట్టుకుని కూర్చున్నాడు. ఐదు వందల కిలోల దాకా ముల్లు తిరుగుతుంది. అది ఇప్పటి బరువు చెప్పదు. ఎక్కినవాళ్ళ బతుకులో అన్నిటికన్నా భారమైన గడియ ఏదో, ఆ గడియలో ఎంత తూగుతారో అది చెబుతుంది. ఆ గడియ గడిచిపోయిందో, ముందుందో మాత్రం చెప్పదు. ఇప్పటి బరువే కావాలంటే మందుల షాపులో మిషన్ ఉంది, కానీ దానికి నాణెం వెయ్యాలి. వుకాషిన్‌కు ఒక మిరపకాయ ఇస్తే చాలు. ఆ పిరోట్ ఊళ్ళో జనం ఎటు మొగ్గుతారో వేరే చెప్పక్కర్లేదు. ఒక్క మిరపకాయ కాల్చి మూడిళ్ళకు వాసన చూపించే ఊరని చుట్టుపక్కల వాళ్ళు ఊరికే అనరు కదా.

స్తానికా లెక్క అరవై రెండు కిలోలు. భర్త బ్లగోయె పోయిన రోజున ఆమె అంతే ఉండేది. ఇప్పుడు డెబ్బై కిలోలున్నా, కాటా ఎక్కితే ముల్లు వెళ్ళి ఆ పాత అరవై రెండు దగ్గరే ఆగేది. దిగి, "నా గండం ముప్ఫై ఏళ్ళ కిందటే గడిచిపోయింది," అని చకచకా నడిచి వెళ్ళేది. ఆ నిశ్చింతతోనే ఆమె కోడలి మీద పెత్తనం చేసేది, మనవరాలికి ఎండాకాలంలో కూడా ఊలు టోపీ పెట్టేది.

మనవరాలు లెంకాకు పది నెలలు. పుట్టుకతో తుంటి ఎముక కాస్త పక్కకు జరిగి ఉందని, రెండు వారాలకోసారి గురువారం నాడు నిష్ ఊళ్ళో డాక్టరుకు చూపించాలి. కొత్త రోడ్డు ఇంకా పడని రోజులు. కొండల మధ్య ఇరుకు లోయలో, ఎదురుగా లారీలు వస్తుంటే, గంటన్నర ప్రయాణం. కొడుకు మిలుతిన్ కారు నడిపితే కోడలు దోబ్రిల వెనక పిల్ల పక్కన కూర్చునేది. పుట్టినప్పుడు కొన్న బుట్ట లాంటి సీటు ఉండేది గానీ, సెప్టెంబరు నాటికి పిల్ల తల దాని అంచు దాటింది.

"ఇక ఇది పనికిరాదత్తయ్యా. పెద్ద సీటు కొనాలి," అంది దోబ్రిల.

"తల్లి ఒళ్ళుండగా సీటెందుకే? ఈ మిలుతిన్ గాడిని ఒళ్ళో పెట్టుకుని నేను సముద్రం దాకా వెళ్ళొచ్చాను. వాడేమైనా అరిగిపోయాడా?"

"నీ ఒళ్ళే నయం అమ్మా, ఆ కారులో బ్రేకులు కూడా లేవు," అన్నాడు మిలుతిన్.

అందరూ నవ్వారు. ఆ గురువారం లెంకా తల్లి ఒళ్ళోనే నిష్ వెళ్ళి వచ్చింది.

ఆ శనివారం వుకాషిన్ లెంకాను కాటా మీద కూర్చోబెట్టాడు. అంతకుముందు ఎప్పుడు కూర్చోబెట్టినా యాభై ఎనిమిది చూపేది. ఎప్పుడో పెద్దయ్యాక, ఏ మొగుడితోనో గొడవపడే రోజు అయ్యుంటుందని నవ్వుకునేవాళ్ళు. ఈసారి ముల్లు ఆగకుండా పోయి పోయి మూడు వందల పద్నాలుగు దగ్గర నిలబడింది. లెంకా కాటా చైను నోట్లో పెట్టుకుంది.

మిలుతిన్ ఎక్కాడు. ముల్లు ఐదు వందలు దాటి చివరి మేకుకు కొట్టుకుంది. దోబ్రిల ఎక్కినా అంతే. చివరికి స్తానికా ఎక్కింది. అరవై రెండు కాదు, డెబ్బై.

"ఈసారికి మిరపకాయ వద్దులే చెల్లీ," అన్నాడు వుకాషిన్.

చేసే పనిని బట్టి అంకె మారవచ్చు గానీ, కాటా చూపిన గండాన్ని తప్పించుకున్నవాళ్ళు ఊళ్ళో లేరు. బేకరీ తాసా గడప దాటనని ఏడాదిపాటు మంచం మీదే కూర్చుంటే ఇంటి కప్పే వచ్చి మీద పడింది. అందుకే ఎవరూ ఏడవరు, పారిపోరు. సంచిలో మిరపకాయలున్నాయి కాబట్టి వాటిని కాల్చి, తొక్క తీసి, చలికాలానికి సీసాల్లో పెట్టాలి. స్తానికా ఆ రాత్రి పొయ్యి ముందు కూర్చుని పొగ వంక పెట్టుకుని ఏడ్చింది. డెబ్బై అంటే ఇప్పుడున్న తన బరువే. ఆ గడియ దగ్గర్లోనే ఉందని అర్థం. ఆ గడియలో తన చేతుల్లో ఏమీ ఉండదని కూడా అర్థం.

మంగళవారం ఆమె తన అక్క రూజా ఇంటి నుంచి ఒక సీటు మోసుకొచ్చింది. ఎర్ర చారల సీటు. ఆ వంశంలో ఆరుగురు పిల్లలు అందులో కూర్చున్నారు. పిరోట్‌లో పిల్లల వస్తువు ఎంతమంది చేతులు మారితే అంత శుభం. అడగని వాళ్ళు గర్వపోతులు, ఇస్తే వద్దన్నవాళ్ళు శత్రువులు.

దోబ్రిల దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "కాటా మీద పెట్టి చూద్దాం అత్తయ్యా."

"సీటును తూస్తావా? మా అక్క వింటే ఇక మన గుమ్మం తొక్కదు."

కానీ శనివారం ఆమే దాన్ని చంకన పెట్టుకెళ్ళింది. చేత్తో ఎత్తితే ఐదు కిలోలుండే సీటు కాటా మీద రెండు వందల తొంభై చూపింది. స్తానికా అటునుంచి అటే అక్క ఇంటికి నడిచింది.

"నిజం చెప్పు రూజా. ఈ సీటుకు ఏమైంది?"

రూజా కాఫీ గిన్నె పొయ్యి మీద పెట్టింది. "మూడేళ్ళ కింద అల్లుడు కారును చెట్టుకు గుద్దాడు కదా. అప్పుడు మా బుడ్డోడు ఇందులోనే ఉన్నాడు. వాడికి గీత కూడా పడలేదు తల్లీ! అంత గట్టి సీటని మురిసిపోయి, గుడ్డంతా ఊడదీసి నేనే ఉతికాను. మంచిది కాబట్టే నీకిచ్చాను."

అక్క అబద్ధం ఆడలేదని స్తానికాకు తెలుసు. ప్రేమతోనే ఇచ్చింది. కానీ ఆ సీటు మోయాల్సింది ఒకసారి మోసేసింది, లెంకా మూడు వందల పద్నాలుగు దాని లెక్కలో లేదు. "నాకొద్దు," అంది స్తానికా. ఆరుగురు పిల్లల చరిత్రలో ఆ మాట అన్నది ఆమె ఒక్కతే. రూజా కాఫీ పొయ్యలేదు.

ఇంట్లో గోడ మీద తాబేళ్ళ బొమ్మల తివాచీ ఉండేది, స్తానికా పెళ్ళికి తల్లి నేసింది. ఆదివారం దాన్ని దించి, చుట్టి, నిష్ నుంచి వచ్చిన వ్యాపారికి అమ్మేసింది. గోడ మీద తెల్లటి చోటు మిగిలింది.

నిష్‌లో పిల్లల సామాను షాపులో ఒక లావుపాటి ఆవిడ వాళ్ళకు సీట్లు చూపించింది. స్తానికా ముందే బేరానికి నడుం బిగించింది గానీ, ఆవిడ ధర కన్నా ముందు పిల్ల పొడవు అడిగింది.

"వయసు చూసి కొనకూడదు అమ్మమ్మా. పొడవూ బరువూ చూడాలి. ఇది పెట్టుకోండి. వెనక్కి తిరిగి ఉంటుంది. నాలుగేళ్ళు వచ్చేదాకా వస్తుంది."

"వెనక్కా? పిల్ల దారి చూడొద్దా? మేకపిల్లను కూడా ముందుకు తిప్పే కదమ్మా బండెక్కిస్తాం!"

"దారి మీ అబ్బాయి చూస్తాడు. పిల్లకు మెడ కంటే తల బరువు. కారు గుద్దుకుంటే తల ముందుకు విరుచుకు పడుతుంది. వెనక్కి తిరిగి ఉంటే వీపంతా కలిసి ఆ దెబ్బ తీసుకుంటుంది."

"ఒళ్ళో గట్టిగా పట్టుకుంటే?" అంది స్తానికా.

"ఏ తల్లీ పట్టుకోలేదు. మామూలు వేగంలో గుద్దుకున్నా, పది కిలోల పిల్ల ఆ క్షణంలో మూడు వందల కిలోలు అవుతుంది."

మిలుతిన్ దోబ్రిల వంక చూశాడు. దోబ్రిల కింద నేల వంక చూసింది. ఆ గడియ ఎక్కడ ఎదురుచూస్తోందో ముగ్గురికీ తెలిసిపోయింది. షాపావిడ వాళ్ళ మొహాలు గమనించకుండా పట్టీలు బిగించడం చూపిస్తూనే ఉంది. భుజం దగ్గర పట్టీని చిటికెతో పట్టుకుంటే మడత దొరక్కూడదట. అన్నిటికన్నా ముఖ్యం, లావు కోటు వేసి కూర్చోబెట్టకూడదట. గుద్దుకున్నప్పుడు కోటు అణిగిపోతుంది, పట్టీ వదులైపోతుంది, పిల్ల జారిపోతుంది.

"కోటు లేకుండానా! ప్రోమాయ తగిలితే?" అంది స్తానికా. తలుపు సందుల్లోంచి దూరే ఆ గాలికి ఆ దేశంలో తుపాకీకి కూడా భయపడనంత భయపడతారు. పక్షవాతం నుంచి పంటినొప్పి దాకా అన్నీ ప్రోమాయ వల్లే వస్తాయి.

"పట్టీలు బిగించాక పైన దుప్పటి కప్పండి," అంది ఆవిడ.

కొత్త సీటు చేతి బరువుకు పది కిలోలు. వుకాషిన్ కాటా మీద అది మూడు వందల ఇరవై నాలుగు తూగింది. మిలుతిన్ వేళ్ళ మీద లెక్క కట్టి, "లెంకాది మూడు వందల పద్నాలుగు. పైన సీటుది పది. ఆ రోజు ఇది తనను మోస్తుందన్నమాట," అన్నాడు. ఆ వారాల్లో అతను నవ్వింది అప్పుడొక్కసారే. లెంకాది మాత్రం మారలేదు. భార్యాభర్తలు ఎక్కితే ముల్లు మేకును వదల్లేదు.

స్తానికా ఎక్కింది. ఎనభై.

"అమ్మా, ఆ మిరపకాయ పచ్చడి సీసాలన్నీ నువ్వే తినేట్టున్నావే," అన్నాడు మిలుతిన్.

ఆమె నవ్వలేదు. కాటా దిగి గట్టు మీద కూర్చుంది. తను డెబ్బై. పైన పది ఎవరిదో ఆమెకు వెంటనే తెలిసింది. ఆ గడియలో పిల్ల తన చేతుల్లో ఉంటుంది. కానీ బతికున్న పిల్లను ఎత్తుకున్న గడియ బతుకులోకెల్లా భారమైన గడియ ఎందుకవుతుంది? కొడుకు వంక చూసింది. అతను సీటును భుజాన వేసుకుని ఈల వేస్తూ కారు వైపు నడుస్తున్నాడు. ఆమె వుకాషిన్ వంక చూసింది. అతనికి అర్థమైందని ఆమెకూ తెలిసింది.

"చెప్పనా వాళ్ళకు?"

"వాళ్ళ లెక్క వాళ్ళు చూసుకున్నారు కదా చెల్లీ. ఇంకేం చెబుతావు?" అన్నాడు వుకాషిన్.

ఆమె చెప్పలేదు. చెప్పలేకపోయింది. ఆ తరువాత నిష్ వెళ్ళే ప్రతి గురువారం ఇంట్లో అందరికన్నా ముందు లేచి వాళ్ళకు రొట్టె కాల్చి కట్టింది. ఒక గురువారం కారు తాళాలు పిండి డబ్బాలో దాచింది కూడా. మిలుతిన్ వెతికి తీసి, పిండి దులుపుకుని, "పిల్ల కుంటిదవుతుందమ్మా," అన్నాడు మెల్లగా. అదీ నిజమే.

నవంబరు మూడో గురువారం లోయంతా మంచు పట్టింది. దోబ్రిల ఆ తొందరలో లెంకాకు లావు కోటు తొడిగి, గొంతు దాకా జిప్పు లాగి సీట్లో కూర్చోబెట్టింది. చలికి పిల్ల ముక్కు ఎర్రబడింది. స్తానికా కారు తలుపు దగ్గర నిలబడి చూసింది. బయట గాలి కోసేస్తోంది. అరవై ఏళ్ళుగా నమ్మినదంతా ఆమె చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది.

"ఆగు," అంది. పట్టీలు విప్పి, ఆ గాలిలోనే కోటు ఊడదీసింది. లెంకా గుక్కపట్టి ఏడ్చింది.

"అత్తయ్యా, ప్రోమాయ!" అంది దోబ్రిల ఆశ్చర్యంగా.

"తగలనీ." స్తానికా పట్టీలు మళ్ళీ బిగించి, భుజం దగ్గర చిటికె పెట్టి చూసింది. మడత దొరకలేదు. పైన దుప్పటి కప్పి, కోడలి చెంప నిమిరింది. ఆ పని ఆమె ముందెప్పుడూ చేసి ఎరగదు. కొడుక్కి రొట్టె మూట అందించి, "మెల్లగా వెళ్ళరా," అంది. కారు మలుపు తిరిగాక కూడా కోటు పట్టుకుని అక్కడే నిలబడింది.

మధ్యాహ్నానికి పోలీసులు వచ్చి ఆమెను నిష్ తీసుకెళ్ళారు. మంచులో ఒక లారీ అవతలి వైపు నుంచి ఈ వైపుకు వచ్చేసిందట. ఆసుపత్రి వసారాలో ఒక నర్సు మాట్లాడుతూనే ఉంది, మీ అబ్బాయి అంది, మీ కోడలు అంది, ఇద్దరూ అక్కడికక్కడే అంది. స్తానికా అప్పటిదాకా కోటును వదలనే లేదు.

ఇంకో నర్సు లోపలి నుంచి లెంకాను తెచ్చింది. పిల్ల ఏడ్చి ఏడ్చి ఎక్కిళ్ళు పెడుతోంది. చొక్కా జారిన రెండు భుజాల మీదా పట్టీలు పడిన చోట రెండు ఎర్రటి గీతలున్నాయి. ఇంకెక్కడా ఏమీ లేదు.

"పట్టుకోండమ్మా," అంది నర్సు.

స్తానికా కోటు కింద పడేసి చేతులు చాచింది. పది కిలోలు వచ్చి ఆమె చేతుల్లో పడ్డాయి. ఎనభై కిలోలతో ఆమె నిలబడింది.