ఆడవాళ్ళకు ఎడమ చేయి

"ఇంగా సంగటి కాలేదా?" అని హాల్లోంచి మా ఆయన కేకేసేసరికి నేను తెడ్డు గిన్నెలోనే వదిలేసి వంటింటి గట్టు పట్టుకుని నిలబడి ఉన్నాను. రాగిపిండి ఉండలు కట్టకుండా కెలకాలంటే భుజాల్లో బలం కావాలి, ఊపిరి కావాలి. ఆ ఊపిరి నాకు ఈమధ్య సగం దాకా వచ్చి ఆగిపోతోంది. మంట తగ్గించి, దడ తగ్గేదాకా ఆగి, మళ్ళీ కెలికాను. ముద్ద చేసి కంచంలో పెడితే ఆయన వేలితో నొక్కి చూసి, "ఉండలుండాయే" అన్నాడు. ఉంటాయి మరి. తాలూకాఫీసులో గుమాస్తాగా ఆయన పోయినేడు రిటైరయ్యాడు. నా తెడ్డుకు రిటైర్మెంటు ఎవరిస్తారు?

ఆ పక్కనే నా కోసం ఒక చెంబు మజ్జిగ, నిండా ఉప్పు వేసి. అది మాత్రం ఆయనే కలుపుతాడు. ఇన్నేళ్ళ కాపురంలో నా కోసం వంటింట్లో చేసే పని అదొక్కటే కాబట్టి కనబడిన వాళ్ళందరికీ చెప్పుకుంటాడు. "మా నిర్మలకు లో బీపీ. నేను కలిపియ్యకుంటే తాగనే తాగదప్పా." సాయంత్రానికి నా పాదాలు ఉబ్బి చెప్పులు పట్టడం లేదంటే, "బస్సులో నిలబడుకోని పోతాండావు గదా, అందుకే" అంటాడు. నేను సోమందేపల్లి దగ్గర బడిలో టీచర్ని. హిందూపురం నుంచి రోజూ బస్సులో నిలబడే పోతాను, నిజమే. కానీ బస్సులో నిలబడే వాళ్ళందరి కాళ్ళూ వేలితో నొక్కితే గుంటలు పడవు కదా!

లో బీపీ! ఆ మాట వింటేనే నాకు ఒళ్ళు మండిపోతుంది.

నేను గుండెలో చిల్లుతో, ఊపిరితిత్తులకు పోయే దారి ఇరుకుగా పుట్టాను. పెనుకొండలో మా నాయన యోహాను మిషన్ బడి పంతులు. తోటి పిల్లలతో పరిగెత్తితే చాలు, పెదాలు నేరేడుపండ్లు తిన్నట్టు నల్లబడి, ఉన్నచోటే గొంతుకూర్చునేదాన్ని. తొమ్మిదేళ్ళప్పుడు నాయన వేలూరు పెద్దాసుపత్రికి తీసుకుపోయాడు. ఎడమ చేతికి పోయే రక్తనాళాన్ని మళ్ళించి ఊపిరితిత్తులకు కలిపారు. నేను బతికాను. చేయి కూడా బతికింది, కాస్త సన్నగా, చల్లగా. దాంట్లో నాడి మాత్రం ఉండీ లేనట్టు అయిపోయింది. డెబ్బై అయిదులో, నా ఇరవై రెండో ఏట, మళ్ళీ అక్కడే రొమ్ము మధ్యన కోసి చిల్లు మూశారు. అప్పుడు పెద్ద డాక్టరు చెప్పిన మాటలు నాయన నా చేత పద్యంలా అప్పజెప్పించాడు. "ఇది రిపేరు, కొత్త గుండె కాదు. బతికినన్నాళ్ళూ చూపించుకుంటా ఉండాల. ఎడమ చేతిలో బీపీ ఎప్పుడూ తప్పుగా తక్కువే చూపిస్తాది, ఎవరు చూసినా కుడి చేయే ఇయ్యాల."

చూపించుకుంటా ఉండాలన్న మాట పెళ్ళితోనే పోయింది. "ఆపరేషన్ అయిపోయిందనే గదా చేసుకున్యాము? ఇంగా యాడికి పోయేది?" అంది మా అత్త. "కోసి కుట్టిన పిల్లను మాకు అంటగట్టి, ఏటేటా వేలూరు పంపమంటారా!" నాయన ఉన్నన్నాళ్ళు అడిగాడు. ఆయన పోయాక అడిగే దిక్కు లేదు. ఒక కొడుకును కన్నాను, ఇంటికి వచ్చినోళ్ళకూ పోయినోళ్ళకూ వండాను, ఉద్యోగం చేశాను. పని చేస్తున్నంతసేపు నేను బాగున్నట్టే లెక్క, అలిసి కూర్చుంటే సోమరిదాన్ని. యాభై ఏళ్ళొచ్చాయి, ఈ గుండె ఎట్లా ఉందో చూసిన డాక్టరు లేడు.

కుడి చేయి మాట ఓబుళప్ప డాక్టరు దగ్గర పోయింది. మా వీధి చివరే ఆయన షాపు. ఏం చదివాడో ఎవరికీ తెలియదు గానీ హస్తవాసి మంచిదని పేరు. వాళ్ళ నాయన నాడి చూసే వైద్యుడు. మగవాళ్ళకు కుడి చేయి, ఆడవాళ్ళకు ఎడమ చేయి. కొడుకు బీపీ మిషన్ కొన్నాడు గానీ ఆ పద్ధతి వదల్లేదు. నా సంగతంతా చెప్పి, కుడి చేయి చూడమని అడిగితే నవ్వాడు.

"ఏం టీచరమ్మా, నాకే పాఠం చెప్తాండావే! ఆడోళ్ళకు ఎడమ చేయే గదమ్మా. మా నాయన కాలం నుంచీ అంతే."

"డాక్టరు నువ్వా, ఆయనా?" అన్నాడు మా ఆయన నన్ను కసురుతూ.

అడిగీ అడిగీ నాకే విసుగొచ్చి మానేశాను. ఎడమ చేయి పట్టుకుని ఓబుళప్ప "నీరసం, ఉప్పు బాగా తిను" అనడం, ఈయన మజ్జిగ కలపడం, నేను తాగడం. ఛీ, ఎంత బుద్ధిగా తాగానో!

ఆ తరవాతి సోమవారం బస్సు మెట్టెక్కుతూ కళ్ళు తిరిగి పడిపోయాను. బట్టలో చుట్టిన కోడిపిల్లలా గుండె కొట్టుకుంది. సాయంత్రం మా ఆయన ఓబుళప్ప దగ్గరికి తీసుకుపోయి, "ముందు నాది చూడప్పా" అని తనే కూర్చున్నాడు. ఓబుళప్ప ఆయన కుడి చేతికి బీపీ పట్టీ చుట్టాడు. బాగుందన్నాడు. ఆయన లేవగానే నేను అదే స్టూలు మీద కూర్చుని కుడి చేయి బల్ల మీద చాపాను.

"ఈసారికి ఈ చేయే చూడు. చూడకుంటే నేను లేవను."

నా గొంతు నాకే కొత్తగా ఉంది. ఓబుళప్ప మా ఆయన వైపు చూసి, సరేలే అన్నట్టు పట్టీ చుట్టాడు. పాదరసం పైకి పోయింది. ఇంకా పైకి పోయింది. ఓబుళప్ప మొహం ముడుచుకుని మళ్ళీ ఒకసారి చూశాడు.

"ఇదేందప్పా, నూటెనభై చూపిస్తాండాది!"

సంతోషం పట్టలేకపోయాను. ప్రాణం మీదికొచ్చిందని తెలిసి సంతోషపడిన పిచ్చిదాన్ని! "చూసినారా? నేను చెప్పలేదా?" అన్నాను మా ఆయనతో.

ఓబుళప్ప మిషన్ మీద రెండు తట్లు తట్టాడు. "మిషన్ ఏదో తేడాగా ఉండాది సార్."

"ఇప్పుడే గదా ఆయనకు సరిగ్గా చూపించింది?" అన్నాను. ఓబుళప్ప నా ఎడమ చేయి లాక్కుని దానికి చుట్టాడు. "ఆ... తొంభై. ఇది కరెక్టు."

"హమ్మయ్య! భయపెట్టేస్తివి గదే" అన్నాడు మా ఆయన. "దా, ఇంటికి పోయి మజ్జిగ కలిపిస్తా."

ఆ హమ్మయ్యతో నాకు అంతా అర్థమైంది. నేను చెబితే నమ్మరు సరే, మిషన్ నా వైపు మాట్లాడితే మిషన్నూ నమ్మరు. రేపు నేను చచ్చిపోయినా ఎడమ చేయి పట్టుకుని, "ఎప్పుడూ ఇంతేలే, లో బీపీ" అంటారు. దారి పొడుగునా ఆయన ఏదో చెబుతూనే ఉన్నాడు.

తెల్లవారి మజ్జిగ చెంబు తూములో ఒంపేశాను. బడికి ఫోన్ చేసి సెలవు చెప్పాను. సంచిలో రెండు చీరలు పెట్టుకున్నాను. నా చెప్పులు కాళ్ళకు పట్టకపోతే మా ఆయన పాత రబ్బరు చెప్పులు వేసుకున్నాను.

"యాడికి పోతాండావు?" అన్నాడు ఆయన, పేపరు దించి.

"బెంగళూరికి. గుండె చూపించుకునేదానికి."

"నన్నడగకుండానే?"

"పాతికేండ్లు అడిగితి గదా."

"ఒక్కదానివే పోతావా? దారిలో ఏమన్నా అయితే?"

"ఈడుంటే ఖాయంగా అవుతాది."

ఆయన లేచి గడప దాకా వచ్చాడు. రైలుకు టైమవుతోంది. అయినా పాపం, కూడా వస్తానంటాడేమోనని ఒక్క క్షణం ఆగాను.

"మరి మధ్యాన్నం సంగటి ఎవరు కెలకల్ల?" అన్నాడు.

"మీకు రెండు చేతుల్లోనూ నాడి ఆడతాండాది గదా," అన్నాను గడప దిగుతూ. "మీరే కెలుక్కోండి."