నాగప్ప ఎక్కినంకనే

నాగప్ప ఇంకా మట్టి కిందే ఉన్నాడు. కంపెనీ వాళ్లు ఆ మట్టి మీద కాంక్రీటు పొయ్యడానికి మిషన్లు తెచ్చారు.

తెలకపల్లి దగ్గర తవ్వుతున్న కాలువ అది. వానకు నానిన గట్టు పట్టపగలే విరిగిపడింది. రాజోలి నుంచి వచ్చిన కూలీల గుంపంతా అడుగున ఉంది. "ఎక్కుండ్రి, ఎక్కుండ్రి!" అని సూపర్‌వైజరు అరిస్తే అందరూ పరుగున ఎక్కారు. పైకొచ్చి చూసుకుంటే నాగప్ప లేడు. వెతకడానికి దిగబోతే, గట్టు ఇంకా కదులుతోందని కంపెనీ వాళ్లు తాళ్లు కట్టి ఆపారు. మర్నాటికి కంపెనీ మాట మారింది. నాగప్ప పెళ్లాంతో పోట్లాడి రాయచూరు వెళ్లిపోయాడట!

"కొట్లాడి పోయెటోడు చెప్పులిడిసి పోతడా?" అంది అతని భార్య బాలనాగమ్మ. ఆ చెప్పులు గట్టు మీదే ఉన్నాయి. ముట్టుకోవడానికి ఎవరికీ చెయ్యి రాలేదు.

నాగప్పది రాయచూరు పక్క కన్నడ సీమ. పని ముగించి ఎక్కేటప్పుడు అందరికంటే చివర నిలబడి, "బర్రి, బర్రి" అని తన కన్నడంలో 'రండి, రండి' అంటూ ఒక్కొక్కరినీ గట్టెక్కించి, తర్వాత తానెక్కేవాడు. ఇప్పుడు అడుగు నుంచి ఆ పిలుపు వినిపిస్తోందని ఒకరంటే, నాకూ వినిపించిందని ఇంకొకరు. మేస్త్రీ వెంకట్రాములు చెవుల్లో గుడ్డలు కుక్కుకుని తిరుగుతున్నాడు. ఈ పనికి వేలిముద్ర వేసింది అతనే.

అది ఉమ్మడి ఒప్పందం. ఇంజనీర్లు, కంపెనీ, మట్టిపని గుంపులు అంతా భాగస్వాములే. లాభమైనా నష్టమైనా అందరిదీ. ఎవరూ ఎవరి మీదా తప్పు మోపకూడదు. ఒప్పందం రోజు కంపెనీ మేనేజరు గుంపు మధ్యన కూర్చుని జొన్నరొట్టె తిన్నాడు. వెంకట్రాములు మురిసిపోయాడు. మట్టిపని వాళ్లలో పొత్తంటే అదే మరి. కలిసి తిన్నవాళ్లు కలిసి గుంతలో దిగుతారు, కలిసే ఎక్కుతారు. ఒక్కడు అడుగున ఉన్నా మిగతావాళ్లు పైకి రారు. కంపెనీ పొత్తు కూడా అలాంటిదేననుకున్నాడు. గట్టును మెట్లుమెట్లుగా కోస్తేనే నిలుస్తుందని తెలిసి కూడా, "భాగస్వామివి, జర తొందర కానియ్యి" అని మేనేజరు భుజం మీద చెయ్యేస్తే నిలువునా కోయించాడు. పాపం, ఆ నమ్మకమే కొంప ముంచింది.

మిషన్లు దిగిన పొద్దున గుంపు మేనేజరును చుట్టుముట్టింది.

"ముందుగాల మావోన్ని తియ్యుండ్రి. ఎన్క ఏమన్న పోసుకోండ్రి," అంది రజిత, నాగప్పతో జతగా తట్ట మోసిన పిల్ల.

"చూడమ్మా, మనమంతా ఒకే కుటుంబం," అన్నాడు మేనేజరు. "ఎవరినీ నిందించొద్దని రాసుకున్నాం. గట్టు నిలువునా కోసింది మీ గుంపే. నేను ఆ మాట ఎత్తానా?"

ఎంత తియ్యగా అన్నాడో దొంగ! తప్పు ఎవరిదీ కాదంటే, చచ్చినవాడిదేనని అర్థం.

వెంకట్రాములు తల వంచుకున్నాడు. "నేనే కోయిపిచ్చిన. నా పాపమే."

"నీదొక్కనిదే ఎట్లయితది మేస్త్రీ?" రజిత అతని మీద విరుచుకుపడింది. "తొందర పెట్టిందెవరు? సూసి ఊకున్న ఇంజనీర్లెవరు? లాభంల పొత్తుంటది, పీనుగుల పొత్తుండదా?" మేనేజరు చేతికి పార అందించింది. "పొత్తు కలిసినవ్ గద సారూ. దిగు."

మేనేజరు గుంతలోకి చూశాడు. పార వదిలేసి వెనక్కి జరిగాడు. గుంపంతా అది చూసింది.

బాలనాగమ్మ తాడు దాటి దిగిపోయింది. ఆమె వెనక రజిత, ఆమె వెనక అందరూ. వెంకట్రాములు చెవుల్లో గుడ్డలు పీకి పారేశాడు. "నిలువున వద్దు! మీదికెల్లి మెట్లు కోసుకుంట రాండ్రి. ఇగ ఎవ్వని కోసం తొందర పడేది లేదు!" అని అరిచాడు.

మధ్యాహ్నానికి పోలీసులు వచ్చారు.

"పనికి అడ్డం పడుతున్నరు. ఎక్కుండ్రి!" అన్నాడు ఎస్సై.

"మావోడు ఎక్కినంకనే ఎక్కుతం," అంది బాలనాగమ్మ, మట్టి తోడుతూనే. "ఆ దినం ఎక్కి తప్పు జేసినం. మళ్ల జెయ్యం."

ఒక్కొక్కరినీ రెక్కలు పట్టి ఈడ్చారు. బాలనాగమ్మ తట్ట వదలలేదు. తట్టతోనే వ్యానెక్కించారు. గుంత ఖాళీ కాగానే మేనేజరు మిషను వైపు చెయ్యి ఊపాడు.

అప్పుడు కాలువ మలుపులో పారలు కనిపించాయి. పక్క ముక్కలో తవ్వుతున్న పెబ్బేరు గుంపు అది. ముందు రేణుకమ్మ నడుస్తోంది. ఆమె కూడా అదే ఒప్పందం మీద వేలిముద్ర వేసిన మేస్త్రీ.

"యాడికమ్మా?" అని ఎస్సై అడ్డం నిలిచాడు.

"మా పొత్తోడు కింద ఉన్నడు," అందామె, చెప్పులు విడిచి నాగప్ప చెప్పుల పక్కన పెడుతూ.

వ్యాను కిటికీ ఇనుప జాలి పట్టుకుని బాలనాగమ్మ గొంతెత్తి పిలిచింది, అచ్చం మొగుడిలాగే.

"బర్రి! బర్రి!"

ఈసారి అందరికీ వినిపించింది. పెబ్బేరు గుంపు గుంతలోకి దిగింది.